గుర్తు పెట్టిన రొట్టెలు

"ఒక్కటైనా లేదా అత్తయ్యా? సరిగ్గా చూశారా?"

తురియా నిచ్చెనని రెండు చేతులా పట్టుకుని పైకి చూస్తూ అడిగింది. అటక మీద నుంచి తెల్లటి అంగీ అంచు, దాని కింద తెల్ల మేజోళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. భర్త పోయిన దగ్గర్నుంచి లల్లా యమ్నా ఒంటి మీద తెలుపు తప్ప మరో రంగు లేదు.

శామ తల్లి పక్కన నిలబడి వింటోంది. పైన ఒక బుట్ట జరిగిన చప్పుడు. తర్వాత ఇంకోటి. నిండు బుట్టని జరిపితే వచ్చే చప్పుడు కాదది.

"నానమ్మా, దిగు. పడిపోతావు."

"బుట్టలున్నాయి," అంది పైనుంచి నానమ్మ. "బుట్టలన్నీ ఉన్నాయి. రొట్టెలే లేవు."

వంటింట్లో శుక్రవారం నలభయ్యో రోజు వంటకి రవ్వ చేసుకుంటున్న హనియా ఆ మాట విని బయటికొచ్చింది. పోయిన పెద్దాయనకి స్వయానా చెల్లెలు. కర్మల పని చూడ్డానికి ఊరి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. చేతులకంటిన రవ్వ దులుపుకుంటూ నవ్వుమొహంతో అంది:

"ఆ ఎండు రొట్టెలా వదినా? అవి నేనే ఇచ్చేశాగా."

"ఎవరికి?"

"బా అల్లాల్‌కి. మూడు చక్రాల బండి మీద ఎండు రొట్టె, ఎండు రొట్టె అని అరుచుకుంటూ వెళ్తాడే, ఆ ముసలాయనకి. పైన ఎలకలు తిరుగుతున్నాయి వదినా. శుక్రవారం ఖురాన్ చదివేవాళ్ళు ఇంట్లోకొస్తారు. దేవుడిచ్చిన రొట్టె అలా మురిగిపోతూ ఉంటే రేపు ఆయన అడగడూ? గొర్రెలన్నా తింటాయి, మా అన్నయ్యకి పుణ్యమన్నా వస్తుంది అనుకున్నా. ఒక్కటి కూడా నేల మీద పడనివ్వలేదు. ఒక్కోదాన్నీ ముద్దు పెట్టుకుని, బిస్మిల్లా అనుకుని సంచిలో వేశా."

నానమ్మ నిచ్చెన దిగింది. ఒక్కో మెట్టు మీదా ఆగి దిగింది. కింద కాలు పెట్టాక గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూర్చుంది.

"ముద్దు పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా వదినా. ఏం, తప్పా?"

 హనియా మొహంలో నవ్వు కాస్త కాస్తగా పోయింది. తురియా వైపు చూసింది, శామ వైపు చూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

అవి తినడానికి చేసిన రొట్టెలు కావు. కింది గదిలో నానమ్మ నడిపిన పిల్లల బడిలో, వారానికోసారి ప్రతి పిల్లా తన అరచేతంత రొట్టె ఒత్తి, దాని మీద తన గుర్తు తనే పెట్టుకుని, వీధి చివర ఉమ్మడి పొయ్యికి పంపేది. సెఫ్రూ పాత ఊళ్ళో ప్రతి ఇల్లూ చేసే పనే అది. నలభై ఇళ్ళ రొట్టెలు ఒకే పొయ్యిలోకి వెళ్తాయి గనక, ఎవరి రొట్టె వాళ్ళకి రావాలంటే గుర్తు ఉండాలి. నాలుగేళ్ళ పిల్ల మొదట బొటనవేలితో ఒక గుంట పెడుతుంది. పక్కపిల్ల కూడా అదే గుంట పెడితే రొట్టెలు మారిపోతాయి. ఏడుపులు, జుట్లు పట్టుకోవడాలు. మరుసటి వారం ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల గుంట పక్కన గీత గీస్తుంది. ఇంకొన్నాళ్ళకి ఆ గీతకి తోక వస్తుంది. ఏదో ఒక రోజు ఆ తోక అక్షరమవుతుంది.

పిల్లలు అక్షరం దగ్గరికి అందంగా ఉందని వెళ్ళరు, పెద్దవాళ్ళు నేర్పారని వెళ్ళరు, నేను వేరు, ఆమె వేరు అని చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు వెళ్తారు. అదీ నానమ్మ కనిపెట్టింది. ఉప్పు దండిగా వేసి, రాయిలా ఎండబెట్టి, ప్రతి పిల్లవీ నెలకొకటి చొప్పున దారానికి గుచ్చి దాచింది. ముప్పయ్యేళ్ళ పాటు ఆ బడికి వచ్చిన పిల్లలంతా ఆ బుట్టల్లో ఉన్నారు. శామ కూడా ఉంది.

ఆ మాటని దేశమంతా తిరిగి చెప్పింది మాత్రం తాతయ్య. బడుల తనిఖీ అధికారి సీ లర్బీ. ఆ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. అట్ట మీద ఆయన పేరుంది. లోపల ఎక్కడా నానమ్మ పేరు లేదు. ఇప్పుడు నది ఒడ్డున కట్టిన కొత్త శిశువిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని అనుకుంటున్నారు. శుక్రవారం నలభయ్యో రోజు సభలోనే ప్రకటిస్తారు.

అయితే పోయిన వారం రబాత్‌లో ఉపాధ్యాయినులకి శిక్షణ ఇచ్చే ఉస్తాదా సుఆద్ ఫోన్ చేసింది. పేరు ఖాయం చేసే సంఘంలో ఆమె కూడా ఉంది. "లల్లా, మీ ఇంట్లో పిల్లలు చేసిన రొట్టెలున్నాయని విన్నాను. ఎవరు దాచారో, ఎలా దాచారో నా కళ్ళతో చూడాలి," అంది.

ఇవాళ సాయంత్రం అసర్ ప్రార్థన వేళకి వస్తోంది.

*

మధ్యాహ్నం తను పాఠాలు చెప్పే బడి నుంచి శామ తండ్రి అబ్దెల్‌హక్ ఇంటికొచ్చేసరికి నానమ్మ ఇంకా నిచ్చెన పక్కనే కూర్చుని ఉంది. తురియా జరిగింది చెప్పింది. అతను చెప్పులు విప్పుతూ విన్నాడు. ఒకటి విప్పి, రెండోది విప్పకుండా కాసేపు ఆగాడు.

"పోనీలే అమ్మా. అత్త తెలీక చేసింది. ఇప్పుడేం చేస్తాం?"

"ఇంకేమీ చెయ్యలేమా?"

"సంచీ పోయి రోజులైంది. గొర్రెలు తినేసి ఉంటాయి." కొంచెం ఆగి అన్నాడు, "ఒక రకంగా ఇదే నయం."

నానమ్మ తలెత్తింది. "ఏది నయం?"

"అమ్మా, నేను చెప్పేది విను. నాన్న పేరు బోర్డు మీద ఉంటే నీకేం నష్టం? ఆయన గౌరవం నీ గౌరవం కాదా? ఎవరో రబాత్ నుంచి వచ్చి, ఇది ఆయనది కాదు, ఆవిడది అంటే ఊళ్ళో ఏమనుకుంటారు? సీ లర్బీ పెళ్ళాం సొత్తు దొంగిలించాడు అంటారు. మట్టి కూడా ఆరలేదు, ఆ మాట అనిపిస్తావా ఆయన్ని?"

"నేనేమీ అనిపించట్లేదు. అడిగితే చూపిస్తానన్నాను."

"చూపించడమంటే అనడమే."

తురియా మధ్యలో అందుకుంది. "ఆవిడ చేసిన పని ఆవిడది అని చెప్పుకోవడం కూడా నేరమేనా?"

"నువ్వు లోపలికెళ్ళి రవ్వ చూడు."

"చూస్తాలే. రవ్వకైతే ఆడవాళ్ళు కావాలి, బోర్డుకే అక్కర్లేదు."

అతను తల్లి ముందు గొంతుక్కూర్చుని మెల్లగా అడిగాడు. "ఆయన బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి అడిగావా అమ్మా? పుస్తకం వచ్చినప్పుడు స్వీట్లు పంచింది నువ్వే కదా. అప్పుడు లేని బాధ ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?"

నానమ్మ తెల్ల అంగీ మీద అటక బూజు అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీస్తూ అంది:

"రబాత్‌లో ఉపన్యాసం అయ్యాక ఇంటికొచ్చేవారు. నీలాగే ఇక్కడే కూర్చుని బూట్లు విప్పుకుంటూ, యమ్నా, ఇవాళ నీ రొట్టెల గురించి గంటసేపు మాట్లాడానే, అనేవారు. నీ రొట్టెలు అనేవారు. ఆయనకి తెలుసు. ఒక్క మనిషికి తెలుసు, అది చాలనుకున్నా. ఇప్పుడు ఆ ఒక్క మనిషీ మట్టిలో ఉన్నారు. ఇంకెవరికి తెలుసు?"

అబ్దెల్‌హక్ రెండో చెప్పు విప్పలేదు. మళ్ళీ మొదటిది తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

"శామా," అంది నానమ్మ. "భర్త పోయాక పెట్టిన గడువు తీరేదాకా నేను గడప దాటకూడదు. నువ్వెళ్ళి ఆ ముసలాయన్ని అడుగు. ఒక్క దండ మిగిలినా చాలు."

శామ కొట్టుకెళ్ళి పుదీనా కట్ట అడగాలన్నా వంతు వచ్చేదాకా వెనక నిలబడి, వంతు వచ్చాక మాట రాక నిలబడే పిల్ల. అయినా తలూపింది.

"నేనూ వస్తా," అంది హనియా గబుక్కున. "చేసింది నేను కదా. నేనే అడుగుతా. పిల్లకేం తెలుస్తుంది?"

*

వంతెన అవతల, చర్మాలు ఆరేసే చోటు దాటాక బా అల్లాల్ దొడ్డి. గోడకి మూడు చక్రాల బండి ఆనించి ఉంది. గొర్రెలు లోపల ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ముసలాయన సిమెంటు తొట్టిలో నీళ్ళు పోసి రొట్టె ముక్కలు నానబెడుతున్నాడు.

"అస్సలాము అలైకుమ్ బాబాయ్," అని దూరం నుంచే మొదలుపెట్టింది హనియా. "ఆవేళ మా ఇంటి నుంచి నేనిచ్చిన ఎండు రొట్టెలు, అవేమన్నా మిగిలాయా? మిగల్లేదులే, నాకు తెలుసు. మిగల్లేదంటే చాలు, వెళ్ళిపోతాం."

"ఏ ఇల్లు తల్లీ?"

"అదే, సీ లర్బీ ఇల్లు. మిగల్లేదు కదూ? పద శామా."

"ఉండుండు. సీ లర్బీ ఇల్లా? గీతలు, గుంటలు ఉన్న రొట్టెలు?" ముసలాయన చేతులు విదిల్చుకుని లేచాడు. "వాటిని మర్చిపోతానా! రాళ్ళలా ఉన్నాయి. నా సుత్తి పిడి విరిగింది. కానీ గొర్రెలు చూడాలి అమ్మాయ్, ఎగబడి తిన్నాయి! ఉప్పు కదా, వాటికి ప్రాణం. పచ్చగడ్డి పడేసినా వదిలేసి ఇవే తిన్నాయి. దారాలు నేనే ఏరి పారేశా, గొంతులో అడ్డం పడతాయని."

శామ తొట్టిలోకి చూసింది. అందులో నానుతున్నవి ఎవరో పెళ్ళివాళ్ళ రొట్టెలు, మెత్తటి తెల్ల రొట్టెలు. గుర్తులేమీ లేవు.

"ఒక్కటి కూడా లేదా తాతా?" ఎలాగో అడిగింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"లేదు తల్లీ. దాచుకునేవైతే ఎందుకిచ్చారు? నేను అడిగాను కూడా. ఇవేంటి బాబూ, మీద రాతలున్నాయి, తాయెత్తుల్లాంటివేమో, నాకొద్దు, అన్నా. మీ నాన్నే అన్నాడు, పిల్లలాటలివి, తీసుకుపో, ఒక్కటీ మిగల్చొద్దు అని."

"వాడు కాదు బాబాయ్, నేను," అంది హనియా.

"నువ్వు కింద నిలబడి ముద్దులు పెట్టావు, చూశాగా. అటకెక్కి దించింది ఆ అబ్బాయే. నువ్వు లోపలికెళ్ళాక మళ్ళీ ఇంకో రెండు సంచులు తెచ్చి బండిలో వేశాడు. ఇవాళే పెట్టేస్తావా గొర్రెలకి, అని అడిగాడు కూడా. అంత తొందరేంటో అనుకున్నా."

గొర్రె ఒకటి తొట్టి మీదకి తల వాల్చింది. ముసలాయన దాన్ని పక్కకి నెట్టాడు.

శామ వెనక్కి తిరిగి నడిచింది. హనియా కాళ్ళు నొప్పులు పెడుతున్నా వెంట పరిగెత్తింది. వంతెన మధ్యలో చెయ్యి పట్టుకుని ఆపింది.

"శామా, ఇంట్లో చెప్పకు."

"నీకు తెలుసు చిన్న నానమ్మా. ముందే తెలుసు."

"ముందు తెలీదే! దేవుడి తోడు, తెలీదు. పైన ఎలకలున్నాయిరా అన్నాను. పాత బడి రొట్టెలత్తా, ఇచ్చేద్దాం, నాన్నకి పుణ్యం, అన్నాడు. వాడు మంచి మాట అన్నాడని మురిసిపోయా. ఇందాక మీ నానమ్మ నేల మీద కూర్చుంది చూడు, అప్పుడు అర్థమైంది." హనియా ఊపిరి తీసుకుంది. "ఆడబిడ్డ బుద్ధిలేక చేసిందంటే మీ నానమ్మ తట్టుకుంటుంది. ఆడబిడ్డలు అందరికీ ఉంటారు. కడుపున పుట్టినవాడు చేశాడంటే తట్టుకోలేదు. నన్నే అననీ. నేను పడతా."

"మరి నానమ్మ పేరు?"

"పేరుదేముంది తల్లీ! నా పేరు ఏ బోర్డు మీద ఉంది? బతకలేదూ?"

కింద నీళ్ళు బురదరంగులో పోతున్నాయి. శామ ఆలోచిస్తూ నడిచింది. రొట్టెలు పోయాయి. కానీ అవి నానమ్మవి కాకపోతే, నాన్న ఒక్కటీ మిగలకుండా గొర్రెలకి పెట్టమని ఎందుకంటాడు? నాన్న చేసిన పనే ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. అది చెప్తే నానమ్మ పేరు దక్కుతుంది. ఆ ఒక్క ఆలోచన ఇంటిదాకా ఆమెని నడిపించింది.

*

ఉస్తాదా సుఆద్ అనుకున్న వేళకంటే ముందే వచ్చి కూర్చుంది. నడివయసు మనిషి. ఒళ్ళో నల్ల సంచీ, చేతిలో కలం. ఎదురుగా నానమ్మ, తెల్లబట్టల్లో నిటారుగా. అబ్దెల్‌హక్ టీ కూజా పైకెత్తి గ్లాసుల్లోకి పోస్తున్నాడు. నురగ బాగా వచ్చింది. 

"మా శిక్షణ గదిలో గోడ నిండా ఫొటోలున్నాయి లల్లా," అంటోంది ఉస్తాదా. "పసిపిల్లలు ఎలా నేర్చుకుంటారో ఆలోచించిన ఆడవాళ్ళవి. అందరూ సముద్రానికి అవతలివాళ్ళే. మా అమ్మాయిలు అడుగుతారు, మన వైపు ఎవరూ ఆలోచించలేదా మేడమ్, మన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరిగిపోయారా, అని. నాకు నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. సీ లర్బీ గారి పుస్తకం పదిసార్లు చదివాను. అందులో ఒక పిల్ల పక్కపిల్ల రొట్టె మీద గుర్తు చూసి, తన చెయ్యి వెనక్కి తీసుకుని, అంగీ అంచు నములుతూ ఆలోచించిందని రాశారు. తనిఖీకి వచ్చిన మగమనిషి ముందు ఏ పిల్లా అంగీ అంచు నమలదు. పక్కన కూర్చున్న ఆడమనిషి ఎవరో చూసి చెప్పి ఉండాలి. అందుకే వచ్చాను."

"మా నాన్నకి చాలా ఓపిక," అన్నాడు అబ్దెల్‌హక్, గ్లాసు అందిస్తూ. "గంటలు గంటలు కూర్చునేవాడు. రొట్టెలంటారా, దురదృష్టం. మా అత్త తెలీక..."

"నేనే అమ్మా," అంది గుమ్మంలోంచి హనియా. "నాకు చదువు లేదు. ఎండు రొట్టె అనుకున్నా."

ఉస్తాదా గ్లాసు కింద పెట్టేసింది. "అన్నీనా?"

"అన్నీ."

"చూపించడానికి ఏమీ లేకపోతే నేను సంఘంలో ఏం మాట్లాడను?" గొంతులో నిరాశ దాచుకోలేదామె. "మీరు చెప్పండి లల్లా. ఆ పని మీదేనా?"

నానమ్మ నోరు విప్పబోయి, గుమ్మం దగ్గర నిలబడ్డ శామని చూసింది.

"ఏమన్నాడమ్మా ముసలాయన? ఒక్కటన్నా మిగిలిందా?"

హనియా శామ చెయ్యి గట్టిగా నొక్కింది. నాన్న కూజా పట్టుకుని అలాగే ఆగాడు. చెప్పేస్తే నానమ్మ గెలుస్తుంది. శామకి అప్పటికి అంతే తెలుసు.

"లేదు నానమ్మా. గొర్రెలు తినేశాయి. అటకెక్కి దించి ఇచ్చింది నాన్నేనట. ఒక్కటీ మిగల్చొద్దన్నాడట."

 కూజా మూతి నుంచి టీ చుక్కలు పళ్ళెంలో పడుతున్నాయి.

"అబ్దెల్‌హక్," అంది నానమ్మ. "నువ్వేనా?"

అతను నేల చూశాడు. "అందరూ ఆయన్ని దొంగ అంటారమ్మా," అన్నాడు. పెద్దమనిషి గొంతులా లేదది. "పోయినాయన తిరిగొచ్చి జవాబు చెప్పుకోలేడు కదా."

ఉస్తాదా కలం మూత తీసింది. "లల్లా, ఇంక నాకు రొట్టెలు అక్కర్లేదు. మీవి కాకపోతే మాయం చెయ్యాల్సిన అవసరమే లేదు. ఇది చాలు నాకు. రాసుకుంటాను, శుక్రవారం సభలోనే చెప్తాను."

శామ నానమ్మ మొహంలోకి చూసింది. అక్కడ సంతోషం ఉంటుందనుకుంది. లేదు. నానమ్మ కొడుకు వంచిన మెడనే చూస్తోంది. చిన్నపిల్లాడు దెబ్బ తగిలించుకొస్తే ఎక్కడ తగిలిందా అని వెతికే చూపు.

"రాయకండి," అంది.

"లల్లా?"

"మా ఆయన పేరే పెట్టండి. వీడు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పాలి. కన్నతల్లి ముప్పయ్యేళ్ళ పనిని గొర్రెలకి పెట్టినవాడు అని తెలిస్తే, రేపు తరగతి గదిలో పిల్లలే నవ్వుతారు. నాకు పేరు రావాలంటే వీడి పేరు పోవాలి. నాకొద్దు."

"విన్నదాన్ని విననట్టు నేనుండలేను," అంది ఉస్తాదా. గొంతులో కోపం లేదు, జాలీ లేదు. "తప్పుడు పేరు మీద నేను సంతకం పెట్టను. ఈ అమ్మాయి చెప్పింది నిజమైతే రాస్తాను. నిజం కాదంటే లేచి వెళ్ళిపోతాను. అది తేల్చాల్సింది మీరు కాదు." శామ వైపు తిరిగింది. "చెప్పమ్మా. ఇందాక అన్నది నిజమేనా?"

అందరి మొహాలూ ఒక్కసారిగా శామ వైపు తిరిగాయి. అమ్మ వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది. నాన్న మాత్రం తలెత్తలేదు.

నానమ్మ లేచి వచ్చింది. శామ రెండు బుగ్గల మీద చేతులు పెట్టింది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి, అటక దుమ్ము వాసన వేస్తున్నాయి. కింది గది బడిలో కూర్చున్న అన్నేళ్ళలో ఏ పిల్లకీ ఇలా చెప్పు అని మాట అందించని మనిషి. ఎంతసేపైనా ఊరికే కూర్చుని, దానంతట అది నోరు విప్పేదాకా కాచుకునే మనిషి.

"అబద్ధం చెప్పానని చెప్పు తల్లీ," అంది.

శామ నోరు తెరిచింది. ఎదురుగా ఉస్తాదా కలం కాగితం మీద ఆనించి, కదపకుండా పట్టుకుని ఉంది.